అద్దం లోపలి ఎరుపు

శనివారం లోపు జరగాల్సిన పనులు చాలా ఉన్నాయి. ముందుగది కిటికీలు కడగాలి. పొయ్యిలో బూడిద తీసి ఇనుముకు నల్లరంగు పట్టించాలి. శుక్రవారం రాత్రికే కుందేలు మాంసం వైన్‌లో నానబెట్టాలి. పారిస్ నుంచి వచ్చే పెద్దమనిషికి తాజా రొట్టె, బొమ్మల్లో తప్పిన గీతలు రుద్ది చెరుపుకోవడానికి చెల్లెలికి పాచి రొట్టె తెప్పించి, రెండూ కలిసిపోకుండా వేరే గుడ్డల్లో చుట్టిపెట్టాలి. తోటలో మంచుకు మాడిన గులాబీ కొమ్మలు కత్తిరించాలి. గోడకున్న బొమ్మల అద్దాలు తళతళలాడేలా తుడవాలి. అన్నిటికన్నా ముఖ్యం, పనిమనిషి జేలీ మీద ఓ కన్నేసి ఉంచాలి. ఆ చివరి పని మాత్రం పెరీన్ ఎవరితోనూ అనలేదు.

మార్చి నెల. ఈశాన్యం నుంచి పొడిగాలి కొడుతోంది. సేన్ నది మీద మంచు విడిపోయింది కానీ తోటలో ఒక్క మొలకా లేదు. బయట నల్లటి మట్టి, ఎండుపుల్లలు. లోపల ముందుగది గోడల మీద మాత్రం నిరుటి వేసవి అంతా అలాగే ఉంది. గేటు పక్కన పియోనీలు, బావి దగ్గర ఐరిస్‌లు, గోడవార గసగసాల పూలు. అన్నీ చెల్లెలు సిదోనీ రంగుసుద్ద కడ్డీలతో వేసిన పాస్టెల్ బొమ్మలే. ఆ బొమ్మల తీరు ఊళ్ళో ఎవరికీ ఎక్కలేదు. దగ్గరికి వెళ్తే పువ్వే కనపడదు, వట్టి గీతలూ మరకలూ. తలుపు దగ్గరికి వచ్చి నిలబడితే తోటంతా గాలికి ఊగుతుంది. రొట్టెల కొట్టు ఓక్తావీ ఒకసారి చూసి, "మీ చెల్లెలికి కళ్ళద్దాలు కొనిపెట్టండమ్మా" అని పోయింది. పారిస్‌లో అదే బొమ్మల కోసం మనుషులు ఎగబడతారని చెప్తే నమ్మలేదు.

పెరీన్ పొయ్యి రాజేసి, గది కాస్త వేడెక్కాక, తల్లి నాటి పట్టుగుడ్డ తీసుకుని అద్దాలు తుడవడం మొదలుపెట్టింది. ఈ పని ఆమె ఎవరికీ వదలదు. మిగతా ఏళ్ళలో చట్రం కట్టిన బొమ్మ కట్టినట్టే పారిస్ వెళ్ళిపోయేది. ఈ ఏడు బొమ్మలు కొనే పారిస్ వ్యాపారి లూబెర్సాక్ గారికి జబ్బు చేయడంతో చలికాలమంతా బొమ్మలు ఇంట్లోనే ఉండిపోయాయి. పెరీన్ రోజూ పొద్దున్నే వాటి ముఖం తుడుస్తోంది, పసిపిల్లల ముఖం తుడిచినట్టు.

గసగసాల బొమ్మ దగ్గర చెయ్యి ఆగింది. అద్దం మీద మసకగా ఉంది. నోటి ఆవిరి ఊదింది. గట్టిగా రుద్దింది. మసక పోలేదు. ఇంకా గట్టిగా, భుజం నొప్పెట్టేదాకా రుద్దింది. తర్వాత పక్కకు వంగి చూసింది. మసక అద్దానికి లోపలి వైపున ఉంది. ఎర్రటి మసక.

బొమ్మను కిటికీ వెలుగులోకి తిప్పింది. చట్రం కట్టించినప్పుడు ఆ గసగసాలు చేత్తో తీసుకోవచ్చేమో అన్నంత దట్టంగా ఉండేవి. ఇప్పుడు రంగు కింద కాగితం నూగు కనపడుతోంది. పియోనీలు చూసింది. అవీ అంతే. ఐరిస్‌లు కూడా.

పెరీన్ కుర్చీలో కూలబడింది. లూబెర్సాక్ గారు కిందటిసారి భోజనాల దగ్గర చెప్పిన కథ గుర్తొచ్చింది. పారిస్‌లో ఒక చిత్రకారుడి పనిమనిషి, ఆయన బయటికి వెళ్ళినప్పుడల్లా చట్రం విప్పి, పాస్టెల్ మీద తడికాగితం వేసి నొక్కేదట. ఆ కాగితానికి బొమ్మ తిరగేసిన అచ్చులా అంటుకుంటుంది. బొమ్మకు కవల పుడుతుంది, తల్లి పాలిపోతుంది. ఆ కవలల్ని నదిగట్టు మీది పాతబొమ్మల వాళ్ళకు అమ్ముకుందట. సిదోనీ తన పాస్టెళ్ళ మీద రంగు రాలకుండా జిగురు ఊదనివ్వదు. ఊదితే రంగు చస్తుందంటుంది. సీతాకోకచిలుక రెక్క మీద పొడిలా ఉండే రంగు అది. తడికాగితం తగిలితే చాలు, లేచి వచ్చేస్తుంది.

ఆ ఇంట్లో తడికాగితం ఎక్కడుంటుందో, చట్రం మేకులు ఎలా ఊడతాయో తెలిసిన పరాయి మనిషి ఒక్కతే.

*

జేలీ గొంబేర్ వంటింటి వెనక గదిలో రంగు కడ్డీలు చుడుతోంది. ముప్ఫై దాటిన మనిషి. భర్త పడవ మునిగి పోయాడు. సుద్దపొడిలో ఎర్రరంగు కలిపి, జిగురునీళ్ళు చుక్కచుక్కగా పోసి, ముద్ద చేసి, పాలరాతి పలక మీద అరచేత్తో దొర్లిస్తోంది. నీళ్ళు ఎక్కువైతే కడ్డీ రాయవుతుంది, తక్కువైతే చేతిలోనే పొడైపోతుంది. ఇదివరకు ఈ పని పెరీన్ చేసేది. ఆమె చుట్టిన కడ్డీలు కాగితాన్ని గీరేవి. సిదోనీ ఏమీ అనలేదు. ఒకరోజు జేలీని తీసుకొచ్చి పలక ముందు కూర్చోబెట్టింది, అంతే.

"ఏమే జేలీ, నీ గోళ్ళలో ఆ ఎరుపేమిటి?" అంది పెరీన్ గుమ్మంలోంచే.

"ఎరుపు చుడుతుంటే ఎరుపు కాక ఏముంటుంది పెద్దమ్మగారూ? మొన్న అడిగుంటే నీలం చూపించేదాన్ని."

"అడిగినదానికి చెప్పు. ముందుగదిలోకి వెళ్ళావా?"

"ఎందుకెళ్తాను? అక్కడ తుడవడానికి మీరున్నారుగా. నేను అటు తొంగిచూస్తే నేల మీద నా నీడ పడిందని మళ్ళీ కడుగుతారు."

లోపల్నుంచి సిదోనీ నవ్వింది. చేతులకు రంగు, జుట్టులో రంగు, ముక్కు మీద పచ్చటి మరక. "అక్కా, ఆ చెయ్యి చూస్తే చాలు, నేను ఏ పువ్వు దగ్గరున్నానో ఊరంతటికీ తెలుస్తుంది. అదేం దాచుకోగలదు?"

"దాచుకునేవాళ్ళు చేతుల్లో దాచుకోరు."

"ఏమైంది?"

"నువ్వొకసారి ముందుగదిలోకి వచ్చి నీ బొమ్మలు చూసుకో."

"నేను రాను బాబూ. చట్రంలోకి వెళ్ళిన బొమ్మ అత్తారింటికి వెళ్ళిన పిల్ల. మళ్ళీ చూస్తే అది లేదు, ఇది లేదని ఏడుపొస్తుంది." అది సిదోనీకి మొదట్నుంచీ ఉన్న పట్టింపు. చట్రం కట్టాక ఏ బొమ్మనూ తలెత్తి చూడదు. జేలీ చేతిలోంచి తడి కడ్డీ తీసుకుని కాగితం మీద గీసి, "ఇదిగో, ఇదీ ఎరుపంటే!" అని మురిసిపోయింది. జేలీ ముఖం వెలిగింది. ఇద్దరూ ఆ గీత మీదికి వంగారు. పెరీన్ గుమ్మంలోనే నిలబడి ఉందన్న సంగతి ఇద్దరికీ పట్టలేదు.

*

ఆ రోజు పెరీన్ ప్రతి చట్రం వెనకా చూసింది. వెనక అంటించిన గోధుమరంగు కాగితం చిరగలేదు. ఒకచోట మాత్రం చిన్న ముడత ఉంది. ఆవిరి పట్టి విప్పి మళ్ళీ అంటించారన్నమాట. కాగితం అంచు మీద నుంచి చెక్క మీదికి పెన్సిల్‌తో సన్నగా గీత పెట్టింది. ఈసారి విప్పితే గీత కలవదు. ముందుగదికి తాళం వేసి, చెవి నడుముకు కట్టుకుంది.

మర్నాడు తాళం తీసి, పొయ్యి రాజేసి, అద్దాలన్నీ తుడిచి, చూసింది. గీతలు కలిసే ఉన్నాయి. లోపలి మసక మాత్రం ముందురోజు కన్నా చిక్కబడింది.

"అమ్మో, ఎంత తెలివి!" అనుకుంది. గీత కనిపెట్టిందంటే దీపం పట్టి వెతికి ఉంటుంది. తాళానికి మారుచెవి ఉండి ఉంటుంది. దాని భర్త పడవలకు కమ్మరిపని కూడా చేసేవాడు కదా. ఒక్కొక్క సందేహానికీ పెరీన్ దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. ఏ జవాబూ జేలీని దాటి పోలేదు.

శుక్రవారం మధ్యాహ్నం కుందేలు కోస్తూ కిటికీలోంచి చూస్తే, జేలీ దొడ్డిగుమ్మం గుండా బయటికి పోతోంది. శాలువా కింద చంకలో వెడల్పాటి అట్టల జోలె. బొమ్మలు పెట్టి తీసుకెళ్ళేంతది. పెరీన్ కత్తి పడేసి, చేతులు ఏప్రన్‌కు తుడుచుకుంటూ గేటు దగ్గరికి పరిగెత్తింది.

"ఎక్కడికి?"

"వెర్నోన్ పట్నానికి. పని అయిపోయిందమ్మా, సిదోనీ అమ్మగారికి చెప్పే వెళ్తున్నాను."

"ఆ అట్టల్లో ఏముంది?"

జేలీ శాలువా దగ్గరికి లాక్కుంది. "నా సొంత పని."

"నా ఇంట్లో కూర్చుని నీకు సొంత పనేమిటి? విప్పు."

"మీరు అడుగుతున్న తీరు బాలేదు పెద్దమ్మగారూ."

"తీరు తర్వాత చూసుకుందాం. విప్పుతావా, కానిస్టేబుల్ని పిలవనా?"

గొంతు రోడ్డు దాకా వినపడింది. రొట్టెలబండి మీద పోతున్న ఓక్తావీ గుర్రాన్ని ఆపింది. ఇంట్లోంచి సిదోనీ మెట్ల మీదికి వచ్చి నిలబడింది. జేలీ ఆమె వైపు చూసింది. సిదోనీ చేతిలో కడ్డీని అటూ ఇటూ తిప్పుతోంది తప్ప ఏమీ అనలేదు.

జేలీ జోలె గోడ మీద పెట్టి, ముడి విప్పింది. అట్టల మధ్య గంజిపెట్టి ఇస్త్రీ చేసిన తెల్లటి మగవాళ్ళ కాలర్లు, చొక్కా చేతిపట్టీలు, వరసగా.

"నోటరీ గారివి," అంది. "రాత్రుళ్ళు ఇస్త్రీ చేస్తాను. బయటిపని ఒప్పుకోనన్నారు కదా మీరు, అందుకని చెప్పలేదు. చాలా?"

ఓక్తావీ బండి మీద నుంచే, "కాలర్లేనటమ్మా!" అంది ఎవరికో చెప్తున్నట్టు.

పెరీన్‌కు ముఖం మండింది. అక్కడితో ఆగి ఉండాల్సింది. ఆగలేకపోయింది. "ఇవాళ కాలర్లు. కిందటి వారం ఏం మోసుకెళ్ళావో! నా చెల్లెలి బొమ్మలు అచ్చు తీసి అమ్ముకుంటున్నావు నువ్వు. పాలిపోయాయి, అన్నీ పాలిపోయాయి!"

జేలీ కాలర్లు మళ్ళీ సర్దింది. ఒకదాని మీద ఆమె వేలి ఎరుపు అంటింది. ఉమ్మితో తుడవబోయి, వద్దని ఆగింది.

"అమ్మగారూ," అంది మెట్ల వైపు తిరిగి, "మీరు చెప్పండి."

సిదోనీ కడ్డీ వైపే చూస్తూ, "రేపు లూబెర్సాక్ గారు వస్తున్నారు జేలీ. ఇప్పుడు గొడవలొద్దు. కొన్నాళ్ళు ఇంటి దగ్గరుండు," అంది.

జేలీ ఏప్రన్ విప్పి, మడతపెట్టి, గోడ మీద ఉంచి వెళ్ళిపోయింది. బండి ఆమె కన్నా ముందే ఊళ్ళోకి చేరింది.

*

శనివారం తెల్లవారి ఎండ బాగా కాసింది. గాలి ఇంకా పొడిగా ఉంది. పెరీన్ కప్పుల్లో చక్కెర సర్ది, కుందేలును సన్నసెగ మీద పెట్టి, చివరిసారిగా ముందుగదిలోకి వెళ్ళింది. మనసు తేలిగ్గా ఉండాల్సింది. దొంగ పోయింది. రాత్రి తాళం వేసే ఉంది.

ఎండ కిటికీలోంచి వాలుగా వచ్చి గసగసాల బొమ్మ అంచు మీద పడుతోంది. పెరీన్ దాని పక్కనే నిలబడి, ఎండకు కళ్ళు చికిలించి, పట్టుగుడ్డతో పైనుంచి కిందికి రుద్దింది.

లోపల ఏదో కదిలింది.

చెయ్యి ఆపింది. పురుగేమో అనుకుంది. మళ్ళీ రుద్దింది, నెమ్మదిగా. ఈసారి స్పష్టంగా చూసింది. కాగితం మీద నుంచి ఎర్రటి నలకలు సన్నగా లేచి అద్దానికి అతుక్కుంటున్నాయి. చెయ్యి ఎటు పోతే అటు. గుడ్డ ఎడమకు జరిపితే ఎడమవైపు పూల నుంచి, కుడికి జరిపితే కుడివైపు పూల నుంచి. ఉన్నిరవిక విప్పేటప్పుడు వెంట్రుకలు లేచినట్టు లేస్తున్నాయి. చిటపటమన్న శబ్దం కూడా లేదు. అంత మెత్తగా, అంత విధేయంగా ఆమె చేతి వెంట వస్తున్నాయి.

పెరీన్ గుడ్డను మడతపెట్టలేకపోయింది. కుర్చీ మీద వదిలేసి, చేతులు వెనక్కి పెట్టుకుని గోడకు ఆనుకుంది. చలికాలమంతా. రోజూ. మసక కనపడినకొద్దీ ఇంకా గట్టిగా.

వీధిలో గుర్రబ్బండి ఆగిన చప్పుడైంది.

లూబెర్సాక్ గారు జబ్బు నుంచి లేచినా గొంతు తగ్గలేదు. "పెరీన్ గారూ, మీ కుందేలు వాసన స్టేషన్‌లోనే పట్టుకుంది నన్ను! సిదోనీ ఏదీ? ఇలా రావాలి. ఇవాళ నువ్వూ చూడాలి, తప్పదు." సిదోనీని చెయ్యి పట్టుకుని ముందుగదిలోకి లాక్కొచ్చాడు. పెరీన్ పొయ్యి పక్కన నిలబడిపోయింది.

ఆయన ఒక్కో బొమ్మ ముందూ ఆగి, వెనక్కి అడుగులేసి, తల వంచి చూశాడు. గసగసాల దగ్గర నోరు తెరిచాడు. "ఇదేమిటిది? ఎరుపంతా ఆవిరైపోతోంది! పువ్వు మంచులో కరిగిపోతున్నట్టుంది. సిదోనీ, ఇంత ధైర్యం నీకెప్పుడొచ్చింది? ఎప్పుడు వేశావు దీన్ని?"

సిదోనీ చూసింది. పెరీన్ ఆమె ముఖాన్నే చూస్తోంది. చెల్లెలి కళ్ళు బొమ్మ మీద ఒకచోట ఆగాయి, చట్రం దాకా వెళ్ళాయి, అద్దం మీదికి వచ్చాయి. పెదవులు తెల్లబడ్డాయి. ఆ తర్వాత, పెరీన్ ఎన్నడూ వినని తేలిక గొంతుతో, "పొద్దున్నే వేశాను. పొగమంచులో," అంది.

అది మిట్టమధ్యాహ్నం వేసిన బొమ్మ. ఎండదెబ్బ తగులుతుందని పెరీనే గొడుగు పట్టింది.

లూబెర్సాక్ గారు పాలిపోయిన బొమ్మలన్నీ ఏరుకుని, కుందేలు రెండుసార్లు వడ్డించుకుని, సాయంత్రం రైలుకు వెళ్ళిపోయాడు. బండి మలుపు తిరిగేదాకా ఆగి, పెరీన్ తలుపు వేసింది.

"సిదోనీ, జేలీ కాదు. నేనే. రుద్దితే రంగు లేస్తోంది. నా కళ్ళతో చూశాను."

"తెలుసు."

"ఏం తెలుసు?"

"జేలీ కాదని. అది నా బొమ్మను ముట్టుకోదక్కా. కాలర్ల సంగతీ తెలుసు. ఆ పని ఇప్పించింది నేనే."

పెరీన్ తలుపు దగ్గర్నుంచి ఇటు తిరిగింది. "మరి నిన్న గేటు దగ్గర నోరెందుకు మెదపలేదు?"

"నువ్వలా అరుస్తుంటే ఏం చెప్పను? ఈ ఒక్కరోజు గడిస్తే చాలనుకున్నాను. సోమవారం పిలుద్దామనుకున్నాను."

"పిలువు మరి."

సిదోనీ కిటికీ దగ్గరికి వెళ్ళింది. "ఇప్పుడెలా పిలవను? ఎందుకు పంపావు, ఎందుకు రమ్మన్నావు అని అడుగుతారు. అద్దం తుడిస్తే బొమ్మ పోతుందని తెలిస్తే పారిస్‌లో నావి ఎవరు కొంటారు? పొగమంచన్నాను కదా ఆయనతో. ఊళ్ళో పనిమనిషి చేసిందనుకుంటే పనిమనిషితో పోతుంది, బొమ్మల పేరు నిలుస్తుంది. ఊరుకో అక్కా. నీ మంచికే చెప్తున్నా. అది నీ చేతి పని అని ఎవరికీ తెలియక్కర్లేదు."

ఇన్నేళ్ళూ పెరీన్ ఇంట్లో ప్రతి ఒక్కరినీ అనుమానించింది. పాలవాణ్ణి, తోటమాలిని, జేలీని. ఈ ఒక్క మనిషి వైపు మాత్రం ఎప్పుడూ అలా చూడలేదు. ఇప్పుడు చూసింది. సిదోనీ ముక్కు మీద ఎప్పటిలాగే రంగు మరక ఉంది. చెయ్యి మాత్రం కిటికీ తెరను ఎంతో శ్రద్ధగా సర్దుతోంది.

*

సోమవారం బట్టల రేవులో ఆడవాళ్ళంతా ఉంటారు. పెరీన్ అక్కడికి ఎన్నడూ వెళ్ళలేదు. వాళ్ళ బట్టలు మనిషి వచ్చి తీసుకెళ్తుంది. ఆ రోజు తలకు టోపీ పెట్టుకుని, ప్రార్థనకు వెళ్ళినట్టు తయారై వెళ్ళింది. పెంకుల కప్పు కింద వరసగా మోకాళ్ళ మీద కూర్చుని బట్టలు బాదుతున్న వాళ్ళు ఆమెను చూసి ఒక్కొక్కరుగా ఆగారు. చివరి బండ దగ్గర జేలీ ఒక్కతే బాదుతోంది. ఆమెకూ పక్కవాళ్ళకూ మధ్య ఒక బండ ఖాళీగా ఉంది.

"ఏం పెద్దమ్మగారూ, ఇక్కడ కూడా జేలీ దుప్పట్లు అచ్చు తీస్తోందేమో చూడ్డానికి వచ్చారా?" అంది ఓక్తావీ. ఒకరిద్దరు నవ్వారు.

"నోటరీ గారి భార్య కాలర్లు వెనక్కి తీసేసుకుంది తెలుసా?" అని ఇంకొకామె. "దొంగ చేతి గంజి వద్దంది."

పెరీన్ తడిరాళ్ళ మీద జాగ్రత్తగా అడుగులు వేస్తూ ఆ ఖాళీ బండ దాకా వచ్చి నిలబడింది. ఒకసారి దగ్గింది.

"బొమ్మలు పాడుచేసింది నేను," అంది. "జేలీ కాదు. రోజూ పట్టుగుడ్డతో రుద్దాను. రుద్దితే రంగు లేచి అద్దానికి పట్టుకుంటోంది. నాకు తెలియలేదు. తెలియకుండానే ఆ మనిషిని దొంగ అన్నాను. గేటు దగ్గర, మీరంతా వినేలా అన్నాను. అందుకే ఇదీ మీరంతా వినేలా చెప్తున్నాను."

తూములోంచి నీళ్ళు పడుతున్న చప్పుడు ఒక్కటే.

"అయితే అతిశుభ్రం అన్నమాట దొంగ!" అంది ఓక్తావీ చివరికి. ఈసారి ఎవరూ నవ్వలేదు. ఆమె కూడా తల దించుకుని బట్ట నీళ్ళలో జాడించింది.

జేలీ కర్ర పక్కన పెట్టి లేచింది. గోళ్ళలో ఎరుపు పోలేదు ఇంకా. "అమ్మగారు పంపారా?"

"లేదు. నేనే వచ్చాను. రా జేలీ. నీ పలక నీకుంది. నేను వంటిల్లు దాటి అటు రాను."

"మీరు రారు పెద్దమ్మగారూ, నమ్ముతాను. ఇంత చెప్పాక మీ మాట నమ్ముతాను." తడిచేతులు నడుముకు తుడుచుకుంది. "కానీ ఆ రోజు నేను అడిగింది మిమ్మల్ని కాదు. ఆవిణ్ణి అడిగాను. ఆవిడ కోసం ఎరుపు చుడుతూ కూర్చుంటే ప్రతిసారీ ఆ మెట్లే కనపడతాయి నాకు. కడ్డీ రాయైపోతుంది." బట్టల కర్ర మళ్ళీ చేతిలోకి తీసుకుంది. "నా పేరు నలుగురిలో పోయింది, నలుగురిలో ఇచ్చారు. చాలు. ఇటు జరగండి, మీ పావడా అంచు తడుస్తోంది."

పక్కామె తన బట్టల మూట తీసుకుని ఆ ఖాళీ బండ మీదికి జరిగింది.

ఈస్టర్ అయ్యాక జేలీ రువాన్ పట్నంలో ఒక ఇస్త్రీ కొట్టుకు పనికి వెళ్ళిపోయింది. సిదోనీ అక్కతో వేసవి దాకా ముక్తసరిగా మాట్లాడింది, తర్వాత మామూలైపోయింది. రంగు కడ్డీలు పారిస్ కొట్టు నుంచి తెప్పించుకుంది. ఆ తర్వాతి తోటల్లో గసగసాలు తక్కువ. చూసినవాళ్ళు ఆమె అభిరుచి మారిందన్నారు.

ఇప్పటికి నూరేళ్ళు దాటింది. పాలిపోయిన ఆ బొమ్మ ఒక పెద్ద ఊరి ప్రదర్శనశాలలో, మసక వెలుతురు గదిలో ఉంది. కింద చీటీ మీద సిదోనీ వోక్లాన్ పేరు, పొగమంచు గురించి రెండు వాక్యాలు ఉన్నాయి. మీరెప్పుడైనా దాని ముందు నిలబడితే, ఎరుపు ఇంకా మిగిలిన చోట కాస్త ఆగండి. ఆ ఎరుపును అరచేత్తో దొర్లించినామె పేరు జేలీ గొంబేర్. ఆమె ఎవరిదీ ఏమీ తీసుకోలేదు. దయచేసి ఆ పేరు గుర్తుంచుకోండి.